గుట్ట నుంచి ఉప్పల్‌కు: కుటుంబానికి సరిపడే అద్దె ఇల్లు

యాదగిరిగుట్ట సమీపం నుంచి భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్ మీదుగా సాగే 163వ నంబరు జాతీయ రహదారి ఉప్పల్ వైపు నుంచి హైదరాబాద్‌లోకి ప్రవేశిస్తుంది కాబట్టి, ఉద్యోగం కోసమో పిల్లల చదువు కోసమో గుట్ట పరిసరాల నుంచి తరలివచ్చే కుటుంబాలకు ఉప్పల్, బోడుప్పల్, నాగోలు, హబ్సిగూడ ప్రాంతాలు సహజంగానే దగ్గరవుతాయి. నగరానికి, గుట్టకు మధ్య దూరం దాదాపు 60 కిలోమీటర్లే అయినా, రెండు పడకగదుల ఇంటి అద్దె విషయంలో ఆ రెండు చోట్ల లోకాలు వేరు.

ఇక్కడ అద్దెను నిర్ణయించేది గదుల సంఖ్య ఒక్కటే కాదు. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో రైలు మొదలై, 2019 నాటికి ఆ మార్గం రాయదుర్గం వరకు చేరడంతో, పడమటి దిక్కున ఐటీ కొలువు చేసేవారు కూడా తూర్పున కాపురం ఉండగలుగుతున్నారు. అందువల్ల స్టేషన్‌కు నడిచి వెళ్లగల వీధుల్లో ఇళ్లకు గిరాకీ పెరిగింది. 2023 జూన్‌లో ఉప్పల్ కూడలిలో స్కైవాక్, అంటే వాహనాల రద్దీకి పైన పాదచారుల కోసమే కట్టిన నడకదారి, అందుబాటులోకి వచ్చింది. అయితే అటువంటి సదుపాయం కూడలికే పరిమితం. అక్కడి నుంచి కాలనీలోకి మళ్లగానే ఫుట్‌పాత్ ఉంటే దాని మీద బండ్లు నిలిపి ఉంటాయి, లేకపోతే నడక రోడ్డు అంచునే సాగుతుంది. అందుచేత ‘మెట్రోకు పది నిమిషాలు’ అన్న మాటను నమ్మి అడ్వాన్స్ ఇవ్వడం కంటే, ఉదయం ఎనిమిది గంటల రద్దీలో పుస్తకాల సంచి మోసే పిల్లవాడితో ఆ దారిన ఒకసారి నడిచి చూడడం మేలు.

నడకదూరానికి ఎక్కువ అద్దె చెల్లించడమా, దూరంగా ఉండి రోజూ ప్రయాణించడమా అన్న లెక్కను 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కొంత మార్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేకపోవడంతో ఘట్‌కేసర్‌లోనో భువనగిరిలోనో ఉంటూ నగరానికి వచ్చిపోవడం ఖర్చు రీత్యా తేలికైంది. కాని బస్సులో గడిచే గంటలు తగ్గలేదు, ఇంటికి చేరాక వంట, పిల్లల చదువు ఇల్లాలి కోసమే ఎదురుచూసే ఇళ్లలో ఆ గంటలే అసలు ఖర్చు.

ఇక ఇంటి పరిమాణం. 1,200 చదరపు అడుగులని చెప్పే ఫ్లాట్‌లో ఆ అంకె సాధారణంగా సూపర్ బిల్టప్ ఏరియా, అంటే మెట్లు, లిఫ్టు, వరండాల వంటి ఉమ్మడి స్థలాల వాటాను కూడా కలిపిన లెక్క. స్థిరాస్తి రంగాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం నిర్వచించిన కార్పెట్ ఏరియా, అంటే బయటి గోడలు, బాల్కనీలు మినహాయించి లోపల వాడుకోగల నేల, దానికంటే బాగా తక్కువగా ఉంటుంది. అత్తమామలతో కలిసి ఉండే కుటుంబానికి ఈ తేడాయే ఒక మంచం పట్టే చోటు. నల్లా నీళ్లు వస్తాయా, బోరు మీదనే ఆధారమా, ఎండాకాలం ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసి ఉందా అన్నవి కూడా ముందే అడగవలసినవి.

అన్నిటికంటే తక్కువగా పట్టించుకునేది, కుటుంబానికి అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ ఇంట్లో ఎంతకాలం ఉండగలమన్న హామీ. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దె ఇళ్లకు వర్తించదు కాబట్టి, నేటి డబుల్ బెడ్‌రూం ఇళ్లు దాదాపు అన్నీ దాని రక్షణకు వెలుపలే ఉన్నాయి. వేరే ఒప్పందం లేనప్పుడు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నెలవారీ అద్దెదారును ఖాళీ చేయమనడానికి 15 రోజుల నోటీసు చాలు. దేశంలో సాధారణంగా ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు, తిప్పట తప్పించుకోవడానికే పదకొండు నెలల అగ్రిమెంటు ఆనవాయితీగా స్థిరపడింది.

ఈ పదకొండు నెలల గడువు బడి పిల్లలున్న ఇంటికి ఎప్పుడు మొదలవుతుందన్నది ముఖ్యం. జూన్ 1న మొదలైన అగ్రిమెంటు ఏప్రిల్ 30తో, అంటే వేసవి సెలవుల్లోనే ముగుస్తుంది. అక్టోబరు 1న మొదలైతే ఆగస్టు నెలాఖరుకు, చదువుల నడిమధ్యలో, సామాను సర్దుకోవలసి రావచ్చు. కనుక గడువు తీరాక కొనసాగింపు, ఏటా అద్దె ఎంత శాతం పెరగాలన్నది, రెండు నెలల నోటీసు అన్న షరతులను అగ్రిమెంటులోనే రాయించుకోవాలి. నివాస గృహాలకు అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించరాదని కేంద్రం 2021లో రూపొందించిన నమూనా అద్దె చట్టం చెబుతుంది గాని, రాష్ట్రం తనదిగా చట్టం చేస్తేనే అది అమల్లోకి వస్తుంది. జర్మనీలో మూడు నెలల అద్దె అన్న పరిమితి పౌర స్మృతిలోనే ఉంది. ఇక్కడ ఆ రక్షణకు బదులుగా మిగిలేది కాగితం మీది రాత మాత్రమే కాబట్టి, అడ్వాన్స్ ఎంతో, రంగులకు ఎంత పట్టుకుంటారో, ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో మిగతాది తిరిగి ఇస్తారో ఆ డబ్బు చేతులు మారకముందే అందులో చేరాలి.