తీగ చుట్టూ వాపు... తొందరపడితే ముప్పు!

చొక్కా గుండీ పెట్టుకోవాలంటే పది నిమిషాలు. కాఫీ కప్పు నోటిదాకా వచ్చేసరికి సగం ఒలికిపోతుంది. పార్కిన్సన్స్ ముదిరి, మాత్రలు వేసుకున్న కాసేపటికే మళ్లీ వణుకు, బిగుతు మొదలయ్యే దశలో కొందరికి డాక్టర్లు సూచించే ఆపరేషన్... డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్. క్లుప్తంగా డీబీఎస్.

పుర్రెకు చిన్న రంధ్రం చేసి, మిల్లీమీటరున్నర మందం కూడా లేని తీగను మెదడు లోతుల్లోకి పంపిస్తారు. కాలర్ ఎముక కింద, చర్మం లోపల పేస్‌మేకర్ లాంటి పరికరం అమరుస్తారు. అది పంపే సన్నని కరెంటు వణుకుని అదుపులో పెడుతుంది. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో డాక్టర్ అలీమ్ లూయీ బెనాబిద్ బృందం ఈ చికిత్సకు బాట వేసింది. పార్కిన్సన్స్‌కు వాడేందుకు అమెరికా ఎఫ్‌డీఏ 2002లో అనుమతిచ్చింది. మన హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి.

ఇంటికొచ్చాక తేడా!

ఆపరేషన్ బాగా జరిగింది. పేషెంటు ఇంటికొచ్చారు. కొద్దిరోజులకి ఉన్నట్టుండి మాట తడబడటం, మనుషుల్ని పోల్చుకోలేక తికమకపడటం, తలనొప్పి... అరుదుగా ఫిట్స్. ఇంట్లోవాళ్ల గుండె జారిపోతుంది. స్కాన్ తీస్తే తీగ చుట్టూ మెదడు కణజాలంలో నీరు చేరి వాపు కనిపిస్తుంది. దీన్నే ఎడిమా అంటారు.

మెదడులోకి కొత్త వస్తువు దిగితే ఎంతోకొంత వాపు సహజమే. ఆపరేషన్ తర్వాత చాలామందికి ఎమ్మారై తీసి చూస్తే, ఏ బాధా లేనివాళ్లలోనూ అది కనిపించింది. ఇబ్బంది పెట్టేది కొందరినే. కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు.

చీమా? రక్తమా?

అసలు చిక్కు ఇక్కడే. ఇవే లక్షణాలు మెదడులో రక్తస్రావమైనా, చీము పట్టినా రావొచ్చు. రక్తస్రావం సీటీ స్కాన్‌లో తెలిసిపోతుంది. ఇన్ఫెక్షన్‌ని తేల్చడం కాస్త కష్టం. జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు, రసి కారడం, రక్తపరీక్షలు... అన్నీ చూడాలి. నిజంగా చీము పడితే తీగ తీసేయాల్సి రావొచ్చు. ఉత్త వాపైతే ఆ అవసరం ఉండదు. తొందరపడి తీసేస్తే అంత పెద్ద ఆపరేషన్ వృథా!

వాపు చాలామందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఇబ్బంది ఎక్కువగా ఉంటే కొన్నాళ్లు స్టెరాయిడ్లు, ఫిట్స్ వస్తే వాటికి మందులు ఇస్తారు.

ఈ వాపుకి ఇంకో వింత గుణముంది. పరికరం ఆన్ చేయకముందే కొందరిలో వణుకు తగ్గుతుంది. తీగ దిగిన చోట కలిగిన స్వల్ప గాయం, వాపు వల్లే ఇలా జరుగుతుందంటారు వైద్యులు. వాపు తీయగానే వణుకు తిరిగొస్తుంది. అంతమాత్రాన ఆపరేషన్ విఫలమైందని బెంగపడక్కర్లేదు. అందుకే చాలాచోట్ల కొన్ని వారాలు ఆగి పరికరం ఆన్ చేస్తారు.

ఇవి మరవద్దు

* మాట, నడక, ప్రవర్తనలో తేడా కనిపిస్తే 'వయసు మీద పడింది' అని సరిపెట్టుకోవద్దు. ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి వెంటనే చెప్పాలి. ఫిట్స్ వచ్చినా, ఒకవైపు చెయ్యీకాలూ పడిపోయినా దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

* పార్కిన్సన్స్ మాత్రలు, స్టెరాయిడ్లు సొంతంగా ఆపేయకూడదు.

* రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఆపరేషన్‌కి ముందే చెప్పాలి.

* ఎమ్మారై తీసేముందు ఒంట్లో పరికరం ఉందన్న సంగతి, దాని కార్డు చూపించాలి. అన్ని పరికరాలకీ అన్ని ఎమ్మారైలూ పనికిరావు.