మీకు తెలుసా? బొల్లారం చర్చికి రాణిగారి సొంత సొమ్ము

సికింద్రాబాద్ శివార్లలోని బొల్లారంలో హోలీ ట్రినిటీ చర్చి 1847లో వెలిసింది. అప్పట్లో అది కంటోన్మెంట్ ఊరు. స్థలం నిజాంది, కట్టడానికి డబ్బు విక్టోరియా రాణి తన సొంత ఖజానా నుంచి ఇచ్చారని చెబుతారు.

కట్టడం విక్టోరియన్ గోథిక్ శైలిలో ఉంటుంది: ఆకాశంలోకి పొడుచుకొచ్చిన శిఖరాలు, రంగుటద్దాల కిటికీలు, లోపల టేకు బెంచీలు.

విక్టోరియా ఈ చర్చిని చూడలేదు సరికదా, అసలు భారతదేశంలోనే అడుగుపెట్టలేదు. చూసింది ఆమె మునిమనవడి కూతురు రెండో ఎలిజబెత్. 1983 నవంబరు 20, ఆదివారం. భర్త ఫిలిప్‌తో కలిసి ఇక్కడే ప్రార్థనకు కూర్చున్నారు. ఆ రోజు వాళ్ల 36వ పెళ్లిరోజు! చర్చికి నూరేళ్లు నిండిన 1947లోనే వాళ్ల పెళ్లి జరగడం కాకతాళీయమే.