లంపీ స్కిన్: తేంగాయితిట్టులో టీకాకు గడువు సెప్టెంబరే

పుదుచ్చేరిలోని తేంగాయితిట్టు అంటే ఒకపక్క చేపల రేవు, మరోపక్క మడ చెట్ల చిత్తడి. ఇలాంటి చోట ఆవులను పెంచేవారు ముందుగా చూసుకోవాల్సింది దోమలను. లంపీ స్కిన్ వైరస్‌ను ఒక పశువు నుంచి మరో పశువుకు చేరవేసేది దోమలు, కుట్టే ఈగలు, పిడుదులే.

ఈ వ్యాధి మన దేశంలో తొలిసారి 2019లో ఒడిశాలో బయటపడింది. 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో విజృంభించింది. ఆ ఏడాది దేశం మొత్తం మీద లక్షకు పైగా పశువులు చనిపోయాయి. ముందు జ్వరం, తర్వాత ఒంటి నిండా 2 నుంచి 5 సెంటీమీటర్ల గడ్డలు. పాలు తగ్గిపోతాయి. మనుషులకు మాత్రం సోకదు.

వైరస్‌ను చంపే మందు లేదు. యాంటీబయాటిక్ ఇచ్చేది పుండ్లలో చేరే బ్యాక్టీరియా కోసమే. కాబట్టి ఆధారం టీకానే. మనదేశంలో ఎక్కువగా వేస్తున్నది గోట్ పాక్స్ టీకా. అది పూర్తిగా పని చేయడానికి సుమారు మూడు వారాలు పడుతుంది.

ఇక్కడే లెక్క తప్పుతుంది. కోస్తాంధ్రలో జూన్‌లోనే వానలు మొదలవుతాయి. పుదుచ్చేరికి అసలు వాన అక్టోబర్-డిసెంబర్ మధ్య కురుస్తుంది. దోమలు పెరిగాక వేయిస్తే ఆలస్యమే. సెప్టెంబర్ మొదట్లోనే వేయించాలి.

జబ్బు పశువును సంతలో అమ్మేసి పీడ వదిలించుకుందామనుకునేవారూ ఉంటారు. ఆ పీడ పక్క ఊరికి చేరుతుంది, అంతే. ఎండిన పొక్కుల్లో వైరస్ నెల రోజులకు పైగా బతికే ఉంటుంది. పశువును విడిగా దోమతెరలో కట్టేయాలి. యాంటీబయాటిక్ వాడినప్పుడు డాక్టర్ చెప్పినన్ని రోజులు ఆ పాలు అమ్మకూడదు.