కూలంకషముగా చదువుట

“పాఠమును కూలంకషముగా చదువుము” అని మనము పిల్లలకు చెప్పుచుందుము. ఈ మాట నదినుండి పుట్టినది. కూలమనగా ఒడ్డు, కషమనగా ఒరయునది. రెండొడ్లను ఒరయుచు నిండుగా పారునది కూలంకషము. సంస్కృతమున నదికే ‘కూలంకష’ యను పేరు కలదు. పాణిని ఒకే సూత్రమున ఈ పదమును, ‘సర్వంకష’ పదమును సాధించెను. తెలుగువాడైన కోలాచల మల్లినాథసూరి మాఘకావ్యమునకు వ్రాసిన వ్యాఖ్య పేరు ‘సర్వంకష’. అన్నిటిని ఒరయునదని అర్థము.

వేసవిలో మన హగరి ఇసుక నడుమ సన్నని పాయగా మిగులును. వరద వచ్చినప్పుడే ఒడ్లను తాకును. ప్రశ్నోత్తరములు మాత్రము వల్లించిన చదువు ఆ పాయవంటిది. మార్కులు రావచ్చును గాని, ప్రశ్న కొంచెము మారినచో విద్యార్థి నిలిచిపోవును.

ఈ మాట కన్నడమునను ఇదే అర్థమున వాడుకలో నున్నది. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. ఇంట తెలుగు, కచేరిలో కన్నడము మన బిడ్డలకు తప్పవు. దేనిని విడిచినను చదువు ఒక్క యొడ్డునే తాకును.

కావున తల్లిదండ్రులకు మా మనవి: ఎన్ని మార్కులు వచ్చినవని అడుగుటకు ముందు, నేటి పాఠమును సొంత మాటలలో చెప్పుమని బిడ్డను అడుగుడు. మీకు చదువు రాకున్నను వినుటకు అడ్డులేదు.