విరిగిన పడవలో ఒంటరి సంసారం

ఒకపూట కుళాయి రాకపోతే మనకు కాలూ చెయ్యీ ఆడదు. వానకు ఇంటికప్పు కారితే గిన్నెలూ బిందెలూ పరుచుకుని రాత్రంతా జాగారం చేస్తాం. సరుకులు నిండుకున్న రోజున ఇంటి ఇల్లాలి ముఖాన నెత్తురుచుక్క ఉండదు. ఈ కష్టాలన్నీ ఒక్క పెట్టున వచ్చిపడి, ఆ ఇల్లు కాస్తా నేలమీద కాక నడిసముద్రంలో తేలుతూ ఉంటే? ఎటు చూసినా పిలిస్తే పలికే నరమానవుడు లేకపోతే? అన్నిటినీ మించి, ఆ ఇంట్లో ఉండవలసిన ఇంకో మనిషి ఇక రాడని తెలిసిపోతే?

కట్టుకథ కాదిది. 1983వ సంవత్సరంలో 23 ఏళ్ళ అమెరికన్ యువతి టామీ ఓల్డ్‌హామ్ ఇలాంటి ఇంట్లో 41 రోజులు ఒంటరిగా సంసారం చేసింది. ఆ ఇంటి పేరు ‘హజానా’. అది 44 అడుగుల తెరచాప పడవ.

ఇద్దరు బయలుదేరారు

టామీది కాలిఫోర్నియాలోని శాన్‌డియాగో పట్టణం. చిన్నవయసులోనే సముద్రం మీద మోజుపడి పడవలెక్కిన పిల్ల. ఆమెకు కాబోయే భర్త రిచర్డ్ షార్ప్ ఇంగ్లండు దేశస్థుడు, ఆమెకంటె వయసులో పెద్ద, ఆరితేరిన నావికుడు. ఇద్దరూ దక్షిణ పసిఫిక్ దీవుల్లో తిరుగుతూ ఉండగా, తాహితీ దీవిలో ఉన్న హజానాను దాని యజమానుల తరఫున శాన్‌డియాగో చేర్చే పని దొరికింది. సుమారు 4,000 మైళ్ళ ప్రయాణం. డబ్బుకు డబ్బు, టామీకి పుట్టింటికి పోయినట్టూ ఉంటుంది. సెప్టెంబరు 22న లంగరు ఎత్తారు.

రెండు వారాలు దాటాయి. భూమధ్యరేఖ దాటారు. అప్పుడు రేడియోలో ‘రేమండ్’ అనే తుఫాను వార్త వచ్చింది. మన కోస్తావారు తుఫాను అనేదాన్నే ఆ ప్రాంతంలో హరికేన్ అంటారు. పేరు వేరైనా జాతి ఒకటే. 1977 నవంబరులో దివిసీమను ముంచెత్తిన ఉప్పెనను చూసినవారికి దాని సంగతి వేరే చెప్పనక్కరలేదు. తప్పించుకుందామని పడవను దారి మళ్ళించారు. కాని గంటకు వంద మైళ్ళకు పైగా వేగంతో చుట్టుతిరిగే గాలుల ముందు, గంటకు ఐదారు మైళ్ళు నడిచే పడవ ఏపాటిది?

అక్టోబరు 12న తుఫాను వాళ్ళను పట్టుకుంది. తాటిచెట్లంత అలలు లేచాయి. మధ్యాహ్నం వేళ రిచర్డ్, లోపలికి వెళ్ళి కాస్త విశ్రాంతి తీసుకోమని టామీని క్యాబినులోకి పంపాడు. తాను తాడుతో నడుముకు పడవను కట్టుకుని చుక్కాని దగ్గర నిలబడ్డాడు. ఆమె లోపలికి దిగి తలుపు మూసుకున్న కొద్ది నిమిషాలకే పైనుంచి అతని కేక వినిపించింది. ఆ వెంటనే పడవ తల్లకిందులయింది. ఆమె తల దేనికో బలంగా కొట్టుకుంది. ఆపైన ఏమీ తెలియదు.

ఇరవయ్యేడు గంటల తరువాత

ఆమెకు స్పృహ వచ్చేసరికి 27 గంటలు గడిచాయి. గాలివాన వెళ్ళిపోయింది. నుదురు చీలి నెత్తురు గడ్డకట్టింది. క్యాబిను నిండా నీళ్ళు. ఆ నీళ్ళలో డబ్బాలూ, పుస్తకాలూ, పరుపులూ, పగిలిన సామానూ తేలుతున్నాయి. కష్టంమీద పైకి వచ్చి చూసింది. తెరచాపకొయ్యలు రెండూ విరిగి సముద్రంపాలయ్యాయి. రిచర్డ్ నడుముకు కట్టుకున్న తాడు మాత్రం పడవ అంచు మీదినుంచి నీళ్ళలోకి వేలాడుతోంది. దాని చివర ఎవరూ లేరు.

ఇంజను కదలలేదు. రేడియో పలకలేదు. ప్రమాద సంకేతాలు పంపే పరికరం వల్ల ఫలితం లేకపోయింది. ఇంక మిగిలినదేమిటి? చెక్కుచెదరని పడవ అడుగుభాగం, పనిచేసే చుక్కాని, తడిసిన కొన్ని సామానులు, గాయపడిన ఒక మనిషి.

అలాంటి స్థితిలో ఎవరికైనా ముంచుకొచ్చేది దుఃఖమే. టామీ కూడా ఏడ్చింది. రిచర్డ్ కనిపిస్తాడేమోనని కనుచూపు మేర గాలించింది. బతకడం ఎందుకన్న ఆలోచన కూడా వచ్చిందని తరువాతి కాలంలో ఆమే చెప్పుకుంది. అయితే తనలోనే ఒక గొంతు వినిపించేదట. లే, ముందు నీళ్ళు తోడు, తరువాత ఆ పని చూడు, ఈ పని చూడు అని పురమాయించేదట.

మన ఇళ్ళలోనూ ఇది ఎరగనిది కాదు. చావు జరిగిన ఇంట్లో అందరూ గోడలకు చేరగిలబడి కూర్చున్నప్పుడు, ఎవరో ఒక పెద్దావిడ వచ్చి, “లేమ్మా, లేచి ముఖం కడుక్కో. పొయ్యి వెలిగించు. పిల్లలు ఆకలికి ఆగలేరు” అంటుంది. ఆ మాటలో ఓదార్పు కనిపించదు కాని, మనిషిని నిలబెట్టేది అదే. హజానాలో ఆ పెద్దావిడ లేదు. టామీ తనకు తానే ఆ పెద్దావిడ అయింది.

ఇల్లు చక్కబెట్టుకోవడం

మొదటి పని నీళ్ళు తోడిపోయడం. లోపల నీళ్ళు ఉన్నంతసేపూ పడవ బరువెక్కి, చిన్న అల వచ్చినా మునిగే భయం ఉంటుంది. రెండవది విరిగిన కొయ్యలనూ, వాటిని పట్టుకుని వేలాడే ఇనుపతాళ్ళనూ వదిలించుకోవడం. ఇవి అలలకు ఊగుతూ పడవ పక్కలను పొడిచి చిల్లులు పెడతాయి.

మూడవది గాలిని పట్టే ఉపాయం. పెద్ద తెరచాపను బిగించి ఉంచడానికి వాడే పొడుగాటి గడ ఒకటి విరిగి పడివుంది. ఆ ముక్కను నిలబెట్టి తాళ్ళతో నలువైపులా కట్టి, తుఫాను రోజుల్లో వాడే చిన్న తెరచాపను దానికి తగిలించింది. పందిరిగుంజకు పంచె ఆరవేసినట్టు ఉండి ఉంటుంది చూడడానికి. అయినా గాలికి అది ఉబ్బింది. పడవ కదిలింది.

ఎటు పోవాలి? పుట్టిల్లు శాన్‌డియాగో ఈశాన్యదిక్కున ఉంది. గాలి వచ్చేదీ అటునుంచే. ఆ ప్రాంతంలో వ్యాపార పవనాలు ఏడాది పొడుగునా ఈశాన్యం నుంచి నైరుతికి వీస్తాయి. సముద్రపు ప్రవాహం కూడా పడమటికే సాగుతుంది. మంచి పడవైతే ఎదురుగాలికి అడ్డదిడ్డంగా మెలికలు తిరుగుతూ ముందుకు పోగలదు. గుడ్డముక్క కట్టిన పడవ వల్ల అది అయ్యే పని కాదు. గాలి ఎటు తోస్తే అటే పోవాలి. ఆ దిక్కున 1,500 మైళ్ళ దూరంలో హవాయి దీవులున్నాయి. పటం మీద చూస్తే ఆవగింజలు. వాటిని తప్పిపోతే ముందు వేల మైళ్ళ దాకా చెప్పుకోదగ్గ నేల లేదు.

ఆమె పంచాంగం

ఇక్కడ ఆమెను కాపాడినది సెక్‌స్టాంటు అనే చిన్న పరికరం. సూర్యుడు గాని, నక్షత్రం గాని దిగంతరేఖకు ఎంత ఎత్తున ఉన్నదో డిగ్రీలలో కొలిచే సాధనం ఇది. ఆ రోజుల్లో ఉపగ్రహాలను అడిగి దారి తెలుసుకునే సదుపాయం మామూలు పడవలకు లేదు. నావికులు సూర్యుణ్ణే అడిగేవారు.

లెక్క మన చదువరులకు కష్టమేమీ కాదు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు అన్నిటికంటె ఎత్తుకు చేరినప్పుడు కొలత తీయాలి. ఉదాహరణకు ఆ ఎత్తు 57 డిగ్రీలు అనుకుందాం. దాన్ని 90 లోంచి తీసివేస్తే 33. నావికులకూ మనకున్నట్టే పంచాంగం ఉంది. అందులో ఆ రోజు సూర్యుని క్రాంతి చూడాలి. నవంబరు మొదట్లో అది దక్షిణంగా 14 డిగ్రీలు ఉంటుంది. 33 లోంచి 14 పోతే 19. అంటే పడవ భూమధ్యరేఖకు ఉత్తరంగా 19వ అక్షాంశం మీద ఉన్నదన్నమాట.

రేఖాంశం, అంటే తూర్పు పడమరల లెక్క, తేలాలంటే క్షణం తేడా లేని గడియారం కావాలి. అక్షాంశానికి ఆ బెడద లేదు. అందుకని టామీ పూర్వకాలపు నావికుల పద్ధతినే నమ్ముకుంది. ముందుగా హవాయి పెద్దదీవి ఉన్న అక్షాంశానికి చేరుకోవడం, ఆ తరువాత ఆ గీత తప్పకుండా పడమటికి పోవడం. ఆ దీవిలోని హీలో రేవు ఇంచుమించు మన ఆదిలాబాదు ఉన్న అక్షాంశం మీదనే ఉంది. ఆదిలాబాదునుంచి తూర్పుగా గీత గీసుకుంటూ బంగాళాఖాతం, ఆసియా ఖండం, సగం పసిఫిక్ దాటితే హీలో పక్కకే చేరతాం! ఆమె ఆ గీతనే రెండో వైపునుంచి పట్టుకుని వచ్చింది.

రోజులన్నీ ఒకలాగే

41 రోజుల్లో 1,500 మైళ్ళు. సగటున రోజుకు 37 మైళ్ళు, గంటకు ఒకటిన్నర. నావిక మైలు మన మైలు కంటె కొంచెం పెద్దదే అనుకున్నా, ఇది తీరుబడిగా నడిచే మనిషి వేగం కంటె తక్కువ.

తిండికి మిగిలినవి ముఖ్యంగా డబ్బాల్లో నిలవచేసిన పండ్లముక్కలూ, వేరుసెనగ వెన్నా. ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు కనుక దేన్నీ కడుపునిండా తినడానికి లేదు. మంచినీళ్ళూ అంతే. చుట్టూ కనుచూపు మేర నీళ్ళే, గొంతు తడుపుకోవడానికి మాత్రం కొలిచి పోసుకోవాలి. నెలాఖరున బియ్యపుడబ్బాలో చెయ్యి పెట్టి చూసుకునే ఇల్లాళ్ళకు ఆ కొలత సంగతి తెలుసు. అయితే మనకు ఒకటో తారీఖు ఎప్పుడొస్తుందో తెలుసు. ఆమెకు తెలియదు.

పగలంతా చుక్కాని చక్రం దగ్గర ఎండలో కూర్చోవాలి. కట్టిన గడ, తాళ్ళు సడలకుండా చూసుకోవాలి. మధ్యాహ్నం సూర్యుణ్ణి కొలవాలి. పటం మీద చుక్క పెట్టాలి. పడవ దినచర్య పుస్తకంలో నాలుగు మాటలు రాయాలి. నిన్నటి చుక్కకూ ఇవాళ్టి చుక్కకూ మధ్య దూరం వేలి గోరంత. అయినా అది ముందుకు జరిగిన గోరు. ఆమెకు పండుగలాంటిది ఏదైనా ఉంటే ఆ చుక్కే.

తలకు తగిలిన దెబ్బ మామూలుది కాదు. అందువల్ల కూడిక తీసివేతల్లో పొరపాటు చేస్తానేమోనన్న భయం ఉండకుండా ఎలా ఉంటుంది? లెక్క ఒక్క డిగ్రీ తప్పితే నేల మీద అరవై నావిక మైళ్ళు తప్పినట్టు. అందుకని రోజూ మళ్ళీ మళ్ళీ అదే పని.

నేల కనిపించింది

హవాయి పెద్దదీవిలో మౌనా కియా, మౌనా లోవా అనే రెండు అగ్నిపర్వతాలు 13,000 అడుగులు దాటి ఆకాశానికి లేచి ఉంటాయి. టామీ గురిపెట్టిన ఆవగింజకు ఆ కొండలే గురుతు. 41వ నాటికి హజానా హీలో రేవు ముంగిటికి వచ్చింది. లెక్క తప్పలేదు. రేవు వెలుపల ఒక జపాను పరిశోధన ఓడ ఆమెను చూసి సాయం చేసింది. కొయ్యలు లేని ఆ పడవను తాడు కట్టి రేవులోకి లాగారు.

రిచర్డ్ ఆచూకీ ఏనాటికీ దొరకలేదు.

తలగాయం వల్ల కొన్నేళ్ళపాటు ఆమె ఒక పుస్తకం పట్టుకుని చదవలేకపోయింది. అయినా సముద్రాన్ని వదలలేదు. పెద్ద పడవలు నడిపే కెప్టెను లైసెన్సు సంపాదించింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని శాన్ హువాన్ దీవుల్లో స్థిరపడి, పెళ్ళిచేసుకుని, ఇద్దరు ఆడపిల్లల తల్లి అయింది. 1998లో తన కథను మరొకరి సాయంతో పుస్తకంగా రాసింది. దాని ఆధారంగా 2018లో ‘అడ్రిఫ్ట్’ అనే చలనచిత్రం వచ్చింది.

తెరమీద చూసేవారికి తుఫానే గొప్పగా కనిపించవచ్చు. కాని తుఫాను ఒక్కరోజు. మిగిలిన నలభై రోజులూ చేసినదేమిటని చూస్తే, ఆమె నీళ్ళు తోడింది. చిరిగినదాన్ని కట్టింది. ఉన్న సరుకు లెక్కపెట్టుకుని రేపటికి కొంత అట్టేపెట్టింది. పొద్దు చూసింది. రాసుకుంది. దుఃఖం పోయిందని కాదు. దాన్ని పక్కనే కూర్చోబెట్టుకుని పని చేసింది. తెల్లవారి లేచి, మళ్ళీ అదే చేసింది.