పదిహేడేళ్లు దిగని కిరీటం: ఎంవీ అగస్టా విశేషాలు

అగస్టా అనగానే మన పేపరు పాఠకులకు గుర్తొచ్చేది వీవీఐపీ హెలికాప్టర్ల గొడవ. 2010లో 12 హెలికాప్టర్లకు ఒప్పందం, 2014 జనవరి 1న రద్దు, ఆ తర్వాత ఏళ్ల తరబడి కేసులు. ఆ హెలికాప్టర్ల పేరులో ఉన్న అగస్టా, ఎంవీ అగస్టా రేసు బైకుల పేరులో ఉన్న అగస్టా ఒకే ఇంటివాళ్లు. ఇటలీలోని వరేసే ప్రాంతంలో ఆ కుటుంబానికి విమానాల కార్ఖానా ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయిన ఇటలీకి విమానాల తయారీ కుదరకుండా పోయింది. చేతికింద పనివాళ్లున్నారు, యంత్రాలున్నాయి. ఇంకేం చేస్తారు? కౌంట్ డొమెనికో అగస్టా 1945లో మోటారు సైకిళ్లలోకి దిగాడు. ఎంవీలోని ‘వీ’ వెర్గెరా అనే ఊరి పేరు.

తప్పిపోయిన పేరు

ఈ కంపెనీ మొదటి బండికి పెట్టాలనుకున్న పేరు వింటే నవ్వొస్తుంది: వెస్పా 98. తీరా చూస్తే ఆ పేరును పియాజియో వాళ్లు అప్పటికే తమ స్కూటర్‌కు రాసేసుకున్నారు. దాంతో బండి పేరు ‘ఎంవీ 98’గా మారింది. లేకపోతే కిక్ కొట్టే ముందు పక్కకు వంచే స్కూటర్‌ను మన నాన్నలు, తాతలు ఏమని పిలిచేవారో!

వరసగా 17

500 సీసీ తరగతిలో 1958 నుంచి 1974 దాకా ప్రపంచ చాంపియన్ ఎవరైనా, ఎక్కిన బండి మాత్రం ఎంవీయే. జాన్ సర్టీస్ మూడుసార్లు, హాకింగ్ ఒకసారి, మైక్ హెయిల్‌వుడ్ నాలుగుసార్లు, జియాకొమో అగోస్టిని ఏడుసార్లు, ఫిల్ రీడ్ రెండుసార్లు. మొత్తం 17. అంతకుముందు 1956లో సర్టీస్ తెచ్చిన టైటిల్ ఈ లెక్కలోకి రాదు. అన్ని తరగతుల్లో రైడర్ల, తయారీదారుల టైటిళ్లు కలిపి 75 అని కంపెనీ చెప్పుకుంటుంది.

అయితే ఈ అంకెల వెనక ఒక సంగతుంది. 1957 సీజన్ ముగిశాక గిలేరా, మోటో గుజ్జి, మోండియాల్ కంపెనీలు ఖర్చు భరించలేక రేసింగ్‌కు దండం పెట్టేశాయి. తామూ తప్పుకుంటామని ముందు ఒప్పుకున్న ఎంవీ తర్వాత మాట మార్చింది. మైదానం ఖాళీ అయ్యాక ఆడింది ఆట, పాడింది పాట. 1958, 59, 60 మూడేళ్లూ 125, 250, 350, 500 సీసీ నాలుగు టైటిళ్లూ దానివే. 1959లో సర్టీస్ 350, 500 తరగతుల్లో జరిగిన ప్రతి గ్రాండ్‌ప్రీ గెలిచాడు. రికార్డు రికార్డే, కాదనలేం. కానీ అన్నిటికీ ఒకే విలువ కట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ఇదే సర్టీస్ తర్వాత కార్లకు మారి, 1964లో ఫెరారీతో ఫార్ములా వన్ చాంపియన్ అయ్యాడు. రెండు చక్రాల మీదా, నాలుగు చక్రాల మీదా అత్యున్నత ప్రపంచ టైటిల్ గెలిచిన మనిషి ఇప్పటికీ ఆయనొక్కడే.

నిఖార్సైన ఏడాది 1967

ఎంవీ సత్తా ఏమిటో తెలియాలంటే 1967 చూడాలి. అవతల హోండా ఉంది. దాని మీద ఒకప్పటి ఎంవీ వీరుడు హెయిల్‌వుడ్. హోండాకు నాలుగు సిలిండర్లు, బలమెక్కువ, కానీ మలుపుల్లో మాట వినేది కాదు. ఎంవీకి మూడే సిలిండర్లు, బరువు తక్కువ, చెప్పినట్టు తిరిగేది.

మొత్తం పది రేసులు. ఐల్ ఆఫ్ మ్యాన్‌లో ఒక్కో చుట్టు 60 కిలోమీటర్లపైనే. అలాంటివి ఆరు చుట్లు తిరగాలి. అయిదో చుట్టులో ముందున్న అగోస్టిని బండి చైను తెగింది. గెలుపు హెయిల్‌వుడ్‌కు దక్కింది. ఆ రేసులో ఆయన గంటకు 108.77 మైళ్ల సగటుతో కొట్టిన చుట్టును 1975 దాకా ఎవరూ దాటలేకపోయారు. మోంజాలో లెక్క తిరగబడింది. బాగా ముందున్న హెయిల్‌వుడ్ గేర్‌బాక్సు చివర్లో మొరాయించింది, సొంతగడ్డ మీద అగోస్టిని గెలిచాడు. కెనడాలో ఆఖరి రేసు అయ్యేసరికి ఇద్దరికీ అయిదేసి గెలుపులు, పాయింట్లూ సమానం. ఇక రెండో స్థానాలు లెక్కపెట్టారు. అగోస్టినికి మూడు, హెయిల్‌వుడ్‌కు రెండు. కిరీటం ఎంవీ దగ్గరే ఉండిపోయింది. 17లో నాకు నచ్చిన టైటిల్ ఇదే. మరుసటి ఏడాది హోండా తప్పుకుంది, మళ్లీ పాత కథే.

అగోస్టిని ఖాతాలో 15 ప్రపంచ టైటిళ్లు, 122 గ్రాండ్‌ప్రీ గెలుపులు. వాలెంటినో రోసీ అంతటివాడు 115 దగ్గర ఆగిపోయాడు. కుర్రతనంలో అగోస్టిని రేసులకు వెళ్తానంటే వాళ్ల నాన్న లాయరు మిత్రుడి సలహా అడిగాడట. ఆయన సైకిల్ పందేలు కాబోలనుకుని, ఒంటికి మంచిదే, పంపించండి అన్నాడట.

కావాలని చేసిన అనాకారి

ఎరుపు, వెండి రంగుల్లో మెరిసే ఎంవీ రేసు బైకులను ఇంగ్లిష్ పత్రికలు ‘గల్లరాటె ఫైరింజన్లు’ అనేవి. గల్లరాటె అంటే వెర్గెరా దగ్గరి ఊరు. అదే కంపెనీ 1960ల్లో జనానికి అమ్మిన నాలుగు సిలిండర్ల 600 చూస్తే ముక్కున వేలేసుకుంటాం. చతురస్రపు హెడ్‌లైటు, భారీ ఒళ్లు, చైను బదులు షాఫ్టు. కొన్నవాడు దాన్ని రేసులో దింపి తన జట్టుకే పోటీ రాకుండా కౌంట్ గారు కావాలనే ఇలా చేయించాడని చెబుతారు. నూట యాభై కూడా తయారవలేదు. ఇప్పుడు వాటికోసం సేకర్తలు ఎగబడతారు.

312

1971లో కౌంట్ కన్నుమూశాడు. టూ స్ట్రోక్ యమహాలు, సుజుకీలు దూసుకొచ్చాయి. 1980 ప్రాంతంలో తయారీయే ఆగిపోయింది. పేరు కొనుక్కున్న క్లాడియో కాస్టిలియోని, 1997లో మిలాన్ ప్రదర్శనలో ఎఫ్4 బైకుతో కంపెనీకి మళ్లీ ప్రాణం పోశాడు. గీసినవాడు డుకాటి 916 సృష్టికర్త మసీమో తంబురీని. సీటు కింద పక్కపక్కనే నాలుగు సైలెన్సర్ గొట్టాలు, ఇంజిన్లో వాల్వులు తిన్నగా కాక వాలుగా విచ్చుకున్నట్టుంటాయి. 1998లో న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియం మోటారు సైకిళ్ల ప్రదర్శనలో దానికీ చోటు దొరికింది. అందాన్ని స్టాప్‌వాచ్‌తో కొలవలేం గానీ, పోటీ పెడితే నా ఓటు దీనికే. తర్వాత వచ్చిన ఎఫ్4 ఆర్ 312 పేరులోనే గంటకు ఎన్ని కిలోమీటర్లో రాసుంది. యజమాని పేరుతో వచ్చిన ఎఫ్4 సీసీ వందే వంద బళ్లు. కొన్నవాళ్లకు చేతిగడియారం, తోలు జాకెట్టు అదనం.

ఈ రికార్డూ తక్కువది కాదు

2008లో హార్లీ డేవిడ్సన్ దాదాపు 10.9 కోట్ల డాలర్లకు ఎంవీని కొంది. రెండేళ్లు తిరక్కుండానే, 2010లో, నామమాత్రపు ధరకు కాస్టిలియోనికే తిరిగి ఇచ్చేసింది. పైగా కంపెనీ నడుపుకోవడానికి 2 కోట్ల యూరోలు ఎదురిచ్చింది! ఆ మరుసటి ఏడాది ఆయన పోయాడు. తర్వాత మెర్సిడెస్ ఏఎంజీ వాటా తీసుకుంది. ఆపై రష్యన్ సర్దారోవ్ కుటుంబం వచ్చింది, 2022లో కేటీఎం అడుగుపెట్టింది. కేటీఎం అప్పుల్లో మునిగాక 2025లో పగ్గాలు మళ్లీ సర్దారోవ్‌ల చేతికే వచ్చాయి. బైకులు మాత్రం వరేసేలోనే తయారవుతున్నాయి. 500 సీసీలో ఎంవీ చివరి గెలుపు అగోస్టినిదే, 1976లో నూర్బర్గ్‌రింగ్‌లో. 500 సీసీ స్థానంలో మోటోజీపీ వచ్చాక కూడా ఆ పెద్ద తరగతిలో దానికి ఇంకొకటి జతపడలేదు.