తొలినాటి గృహ గణకయంత్రములు: ఆరంభ పునరారంభములు

యంత్రమునకు విద్యుత్తు అందగానే అది పనికి పూనుట ఆరంభము. విద్యుత్తును తొలగింపకయే నడుచుచున్న యంత్రమును మరల మొదటికి తెచ్చుట పునరారంభము. చూపరులకు ఈ రెండును ఒక్కటిగనే తోచును. కాని లోపల జరుగునది వేఱు. ఆ భేదము నెఱిగిన విద్యార్థికి గంటసేపు వ్రాసిన పని దక్కును, ఎఱుగనివానికి దక్కదు.

మన దేశపు పాఠశాలలలో తొలుత ప్రవేశించిన యంత్రమునే ఉదాహరణముగా గ్రహింతము. ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి నగరమున ఏకార్న్ సంస్థ 1981 డిసెంబరులో బీబీసీ మైక్రో అను గణకయంత్రమును వెలువరించెను. భారత ప్రభుత్వము 1984–85లో ‘క్లాస్’ అను పథకమును ప్రారంభించి, మొదట సుమారు 250 పాఠశాలలకు ఈ యంత్రములనే అందజేసెను.

ఈ యంత్రమున స్మృతి రెండు విధములు. రోమ్ అనునది శాశ్వతస్మృతి. ర్యామ్ అనునది తాత్కాలికస్మృతి. మొదటిది శిలాశాసనము వంటిది. రెండవది వీధిబడిలో ఇసుకపై దిద్దిన అక్షరము వంటిది. విద్యార్థి వ్రాయునదంతయు ఈ రెండవదానియందే నిలుచును. దాని పరిమాణము 32,768 బైట్లు.

కోయంబత్తూరు ప్రాంతపు తెలుగు రైతులకు బావిమోటారు స్టార్టరు సుపరిచితము. కరెంటు పోగానే అది తనంతట విడిపోవును. కరెంటు తిరిగి వచ్చినను, మీట నొక్కినగాని మోటారు తిరుగదు. గణకయంత్రము అట్లు గాదు. కరెంటు రాగానే తానే లేచును, కాని వట్టి చేతులతో లేచును. కరెంటు వచ్చిన తొలిక్షణమున దాని ఒత్తిడి నిలకడగా నుండదు. కావున ఒక చిన్న కెపాసిటరు నిండువఱకు 6502 అను ప్రధాన ఖండమును ‘రీసెట్’ తీగ అణచి యుంచును. నిండిన పిమ్మట విడుచును. అప్పుడా ఖండమునకు తెలిసిన నియమము ఒక్కటే: 65532, 65533 సంఖ్యలుగల గదులలోని చిరునామాను చదివి, అచ్చటికేగి, అందున్న ఆజ్ఞను నెరవేర్చుట. ఆ గదులు శాశ్వతస్మృతిలోనివి గనుక ఎన్నిసార్లు కరెంటు పోయినను వానిలోని వ్రాత చెడదు.

మీటల పలకపై నున్న ‘బ్రేక్’ మీటయు ఈ రీసెట్ పనినే చేయును. అట్లయినచో, వచ్చినది కొత్త కరెంటో, ఎవరో మీట నొక్కిరో యంత్రమునకు తెలియుట యెట్లు? ఇందుకు 6522 అను సహాయక ఖండము సాక్షిగా నిలుచును. కరెంటు కొత్తగా వచ్చినప్పుడు దానిలోని గుర్తులు తుడిచివేయబడును; బ్రేక్ నొక్కినప్పుడు తుడువబడవు. యంత్రము మొదట ఆ గుర్తులను పరీక్షించును. అవి లేనిచో తాత్కాలికస్మృతిని ఊడ్చి శుభ్రపఱచును. ఉన్నచో విద్యార్థి వ్రాతను ముట్టదు. కంట్రోల్ మీటతో కలిపి బ్రేక్ నొక్కినచో, మీటలకు మనము ఒప్పగించిన ప్రత్యేకపు పనులుకూడ రద్దగును. షిఫ్ట్‌తో కలిపి నొక్కినచో డిస్కునందలి ప్రారంభపత్రము నడుచును.

బ్రేక్ నొక్కిన పిమ్మట ‘లిస్ట్’ అని అడిగినచో తెర శూన్యముగ నుండును. వ్రాసినదంతయు పోయెనని బాలుడు భ్రమపడును. నిజమునకు బేసిక్ భాష చేసినపని స్వల్పము: మొదటి పంక్తి తలపై ‘ఇచ్చటితో సమాప్తము’ అను గుర్తునుంచినది, తక్కినదంతయు యథాతథము. ‘ఓల్డ్’ అను ఆజ్ఞ నిచ్చినచో ఆ గుర్తు తొలగి, వ్రాత మరల కనబడును. ఒక చిన్న లోపము మాత్రము కలదు. ఆ గుర్తు మొదటి పంక్తిసంఖ్యలోని పై భాగమును ఆక్రమించును గనుక, ఆ సంఖ్య 255కు మించినచో మాఱును. 10 అని మొదలైన వ్రాత 10గనే వచ్చును. 1000 అని మొదలైనది 232గా వచ్చును. ఓల్డ్ అనుటకు పూర్వమే కొత్తపంక్తి వ్రాసినచో మాత్రము పాతవ్రాత ఆ రీతిగా తిరిగి రాదు.

ఇతర యంత్రముల పద్ధతులు వేఱు. 1977 నాటి యాపిల్ 2లో రీసెట్ మీట రిటర్న్ మీట చెంతనే యుండుటచే పొరపాటున నొక్కుట సులభమయ్యెను. తరువాతివానిలో కంట్రోల్ మీటను తోడుచేసిరి. 1982 నాటి స్పెక్ట్రమ్‌కు రీసెట్ మీటయే లేదు. తీగ ఊడదీయుటయే గతి. 1984 నాటి స్పెక్ట్రమ్ ప్లస్‌లో ఆ మీట చేరెను. 1981 నాటి ఐబీఎం పీసీలో మూడు మీటలు కలిపి నొక్కవలెను; అప్రయత్నముగ జరుగకుండుటకే ఆ ఏర్పాటు.

ఇందువలన తేలిన నీతి: తెర శూన్యమైనంత మాత్రమున వ్రాత నశించినట్లు గాదు, తొందరపడి స్విచ్చి ఆపరాదు, పైన వేఱొకటి వ్రాయరాదు. నాయకరాజుల కాలమునుండి మధురలోను, కోయంబత్తూరు పల్లెలలోను నిలిచిన తెలుగు కుటుంబములకును ఈ మాట వర్తించును. అనేక గృహములలో మాట నిలిచినది, లిపి మాత్రము కనుమఱుగైనది. పిల్లలకు ఓనమాలు నేర్పుట ఆ సమాప్తపు గుర్తును తొలగించుట వంటిది. ఇంటిమాటకూడ మఱుగుపడిన పిమ్మట ఆ పని యంత సులభము గాదు.